గుడి తలుపు పక్క కాగితం

మా అమ్మ పేరు అపొలోనియా. ఆమెతో కలిసి పెరిగినవాళ్లు పోల్యా అనేవారు. ఇరవై రెండేళ్లపాటు మా ఊరి గుడి తాళంచెవి ఆమె నడుముకు కట్టుకున్న తాడుకే వేలాడింది. గుడి అంటే ఏమంత పెద్దది కాదు. నలభై మంది కూర్చుంటే నలభై ఒకటో మనిషి గుమ్మంలో నిలబడాలి. పచ్చి ఇటుక గోడలు, రేకుల కప్పు, ఎన్నిసార్లు సున్నం వేసినా పోని పాలవాసన. కొత్తగా వచ్చిన ఏ ఫాదరైనా లోపలికి అడుగుపెట్టి, బలిపీఠానికి తల వంచి, వెనక్కి తిరిగేటప్పుడు తలుపు పక్క గోడ దగ్గర ఆగిపోయేవాడు. అక్కడ అద్దం బిగించిన చట్రంలో ఒక కాగితం ఉంటుంది. గుడి చరిత్ర, గుడి సామాను అని పైన రాసి ఉంటుంది. అందులో మాటలు మా అమ్మవి. చేతిరాత నాది.

పోలిష్ వాళ్లమని సోవియట్ సర్కారు మా వాళ్లను పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరంలో జితోమిర్ ప్రాంతం నుంచి పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి తెచ్చి కజఖ్ మైదానంలో దించేసింది. దించినచోట ఊరు లేదు, చెట్టు లేదు. నేలలో పాతిన కర్ర ఒకటుంది, దానిమీద పద్దెనిమిది అని అంకె వేసి ఉంది. ఇదే మీ ఊరు అన్నారట. అమ్మకు అప్పుడు ఐదేళ్లు. మా తాతయ్య అంతోని వడ్రంగి కాబట్టి పనిముట్లు తెచ్చుకున్నాడు. అమ్మమ్మ మరియాన్నా దిండులో ఈకలు సగం తీసేసి, మరియమాత పటం లోపల పెట్టి కుట్టి తెచ్చింది. మొదటి చలికాలం నేలలో గుంత తవ్వుకుని, పైన గడ్డిపెళ్లలు కప్పుకుని బతికారు. పక్కనున్న కజఖ్ పల్లె ఆడవాళ్లు ఉప్పటి ఎండు పెరుగు ఉండలు తలగుడ్డల్లో మూటకట్టి తెచ్చివ్వకపోతే అమ్మ కూడా దక్కేది కాదని అమ్మమ్మ అనేదట.

ఆ చలికాలంలోనే వికెంతి తల్లి పోయింది. తండ్రిని అంతకుముందే ఎక్కడికో తీసుకుపోయారు. వికెంతికీ అమ్మకూ ఒకటే వయసు. అమ్మమ్మ వాణ్ణి తన గుంతలోకి తెచ్చుకుని, రొట్టెముక్కను మూడు చేసేచోట నాలుగు చేసింది. ఇద్దరూ ఒకే గొర్రెతోలు కింద పడుకుని పెరిగారు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన నాకు వికెంతి మామయ్య. ఊరు మొత్తంలో అంత గొంతు ఎవరికీ లేదు. అతను దేవమాత ప్రార్థన ఎత్తుకుంటే కిటికీ అద్దాలు సన్నగా మోగేవి.

యాభై ఆరులో కమాండెంట్ ఆఫీసుకు వెళ్లి, ఊరు దాటిపోలేదని నెలనెలా వేలిముద్ర వేసే బాధ తప్పింది. జనానికి కాస్త ధైర్యం వచ్చింది. తాతయ్య తన ఇంటి ముందుగదిని గుడి చేశాడు. మొదటి గుంత ఇంటి తలుపు ఒక్కటే అప్పటికి ఆయన దగ్గరున్న మంచి చెక్క. దాన్ని నున్నగా చిత్రిక పట్టి బలిపీఠానికి పైచెక్కగా వేశాడు. దివ్యసత్ప్రసాదం ఉంచే మందసం బిర్చి కర్రతో చేసి, దాని చిన్న తలుపుమీద డబ్బారేకుతో కోసిన సూర్యుణ్ణి దిగ్గొట్టాడు. సున్నం పనిచేసే జర్మన్ ముసలాయన ఒకడు సిలువ మార్గం పటాలు పద్నాలుగూ పల్చటి చెక్కలమీద గీసిచ్చాడు. ఆయన గీసిన రోమా సైనికులందరికీ కమాండెంట్ మీసాలుండేవి. పాత ఆక్సిజన్ సిలిండర్‌ను అడుగున కోసి గంట చేశారు. ఆరు బల్లలు. ట్రాక్టరు గొట్టాలతో చేసిన కొవ్వొత్తి దీపాలు నాలుగు. ఇదీ మా గుడి. యాభై ఎనిమిదిలో తాతయ్య పోయినప్పుడు ఆయన్ను ఆ బల్లల మధ్యే పడుకోబెట్టారు.

ఫాదర్ ఏడాదికి ఒకసారో రెండుసార్లో, పొయ్యిలు బాగుచేసేవాడి వేషంలో వచ్చేవాడు. మిగతా రోజుల్లో అన్నీ అమ్మమ్మే. పిల్లలకు జపాలు నేర్పేది, చనిపోయేవాళ్ల దగ్గర కూర్చునేది, పుట్టినవాళ్లకు జ్ఞానస్నానం ఇచ్చి ఒక నోటుబుక్కులో పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ రాసుకునేది. పాట వికెంతిది.

అరవై ఒకటి ఏప్రిల్‌లో ట్రాక్టరు వచ్చింది. నాకు ఆరేళ్లు. ఆ రోజు నాకు బాగా గుర్తు. జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ల పక్కన వికెంతి మామయ్య, చేతిలో కాగితం. ఆయన చదువుతుంటే వాళ్లు ఒక్కొక్క వస్తువూ బయటికి మోస్తున్నారు. బలిపీఠం ఒకటి. బల్లలు ఆరు. పటాలు పద్నాలుగు. కొవ్వొత్తి దీపాలు మూడే కనిపించాయి వాళ్లకు. అప్పుడు ఆయన కాగితంలోంచి తల ఎత్తకుండానే, నాలుగోది పిండిపెట్టె వెనకాల ఉంటుందన్నాడు. అక్కడే ఉంది. అమ్మమ్మ రెండు చేతులూ ఏప్రన్‌లో చుట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఒక్కటే మాట అంది.

“చలేస్తున్నట్టుంది నీకు వికెంతీ. టోపీ పెట్టుకో.”

క్లబ్బులో ఊరందరి ముందు విచారణ పెట్టారు. పిల్లలకు జపాలు నేర్పుతోందనీ, ఇంట్లో ఫాదర్‌ను దాచిందనీ సాక్ష్యం ఉందన్నారు. అమ్మమ్మకు మూడేళ్లు వేశారు. రెండో ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని ఒక కాగితం వచ్చింది. ఎక్కడ పాతిపెట్టారో అందులో లేదు. ఆ ఎండాకాలమే వికెంతిని క్లబ్బుకు పెద్దని చేశారు, కొత్త అకార్డియన్ ఇచ్చారు.

ఆ రోజు పోకుండా మిగిలినవి రెండే. మరియమాత పటం, నోటుబుక్కు. రెండూ అమ్మ గౌను లోపల ఉన్నాయి. పటం చట్రం పొట్టకు గుచ్చుకుని చేసిన మచ్చ ఆమెకు చివరిదాకా ఉంది.

అమ్మ ఏడవలేదంటారు ఊళ్లో. ఏడ్చింది, నేను చూశాను. కాని రెండు వారాలకే మానేసి క్లబ్బులో ఊడ్చే పనికి చేరింది. పెద్దగా వికెంతి ఉన్న క్లబ్బులోనా అని అందరూ ఆశ్చర్యపోయారు. మా బల్లలు అక్కడున్నాయి మరి. జనం వాటిమీద కూర్చుని సినిమాలు చూసి పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఊసేవారు. అమ్మ వాటిని మాత్రం మోకాళ్లమీద కూర్చుని తుడిచేది. పందొమ్మిదేళ్లు అక్కడ పనిచేసి, వికెంతి గదిలో ఒక్కరోజు చీపురు పెట్టలేదు. అతను పిలిస్తే చెవిటిదానిలా గోడవైపు చూసేది. అతను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, వేరే మనిషిని పెట్టుకోలేదు. తన గది తనే ఊడ్చుకునేవాడు.

ఎనభైలో అతని కూతురు రెజీనా పెళ్లి జరిగింది. రెజీనా నాకంటే రెండేళ్లు చిన్నది, బడిలో నా పక్కనే కూర్చునేది. పెళ్లికి ముందు వారం అమ్మ ప్రతి ఇంటికీ వెళ్లింది. ఎవరినీ వెళ్లొద్దని చెప్పలేదట. గుమ్మంలో నిలబడి, మరియాన్నా మీ పిల్లకు ఏ రోజున జ్ఞానస్నానం ఇచ్చిందో గుర్తుందా అని మాత్రం అడిగి, నోటుబుక్కులో తేదీ చూపించి వచ్చేసింది. నూట ఇరవై మందికి బల్లలు వేసి వండించారు. పందొమ్మిది మంది వచ్చారు. నేనూ వెళ్లలేదు. కిటికీలోంచి చూస్తే పెళ్లికూతురు ఖాళీ బల్లల మధ్య తల పైకెత్తి నడిచింది. అమ్మ ఆ సాయంత్రం బంగాళాదుంపలు తొక్కతీస్తూ కూనిరాగం తీసింది. ఆమె గొంతులో పాట నేను వినడం అదే మొదలు.

మా ఇంట్లో ఇంకొక మౌనం ఉండేది. మా నాన్న లూద్విక్ ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్కు, మెతక మనిషి. నాకు పదిహేనేళ్లప్పుడు, డెబ్బైలో, అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. కంచం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం నా ద్వారానే. సూప్ చల్లారిపోతోందని మీ నాన్నకు చెప్పు, అనేది, ఆయన ఎదురుగానే ఉండగా. పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఎనభై ఒకటిలో నాన్న గుండె ఆగి పోయారు. ఆయన కళ్లు మూసింది అమ్మే. అప్పుడు కూడా పెదవి కదపలేదు.

తొంభై నాటికి కాలం తిరగబడింది. ఉమ్మడి వ్యవసాయ క్షేత్రానికి అప్పటి అధ్యక్షుడు తులెగెన్ అనే కజఖ్ ఆయన. అమ్మ ఆయన ఆఫీసుకు వెళ్లి, మాకు గుడి కావాలని అడిగింది. ఆయన కాసేపు టీ తాగి, పాత పాలకేంద్రం ఖాళీగా ఉంది, తీసుకోండి అన్నాడు. ఆ ఇంటి తాళం తీసి లోపలికి వెళ్లిన రోజు అమ్మ వెంట నేనున్నాను. గది మధ్యలో పాల డబ్బాలు పెట్టే ఎత్తుబల్ల ఉంది. అమ్మ దానిమీది తుప్పు డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దించి, ఏప్రన్‌తో తుడిచి, అడుగువైపు చెయ్యి పెట్టి తడిమింది. తాతయ్య ఉలితో చెక్కిన సిలువ గుర్తు వేళ్లకు తగిలింది. ముప్పై ఏళ్లుగా బలిపీఠం ఇక్కడే ఉంది. పైన గుండ్రటి నల్ల మచ్చలు, ఒకదానిమీద ఒకటి. చిత్రిక పడితే పోతాయని మా ఆయన అన్నాడు. అమ్మ అతన్ని చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గంట షెడ్డు దగ్గర దొరికింది. పనివాళ్లను భోజనానికి పిలవడానికి దాన్నే కొట్టేవారు. తులెగెన్ దాన్ని ట్రాక్టరుమీద పంపించాడు. బల్లలు నాలుగు క్లబ్బునుంచి మంచుబండి మీద లాక్కొచ్చాం. సిలువ మార్గం పటాలు కోళ్ల షెడ్డులో అరలకింద పరిచి ఉన్నాయి, తొమ్మిది దొరికాయి. మిగతా ఐదూ ఏదో చలికాలంలో పొయ్యిలోకి పోయాయట. అమ్మ గోడకు పద్నాలుగు మేకులూ కొట్టించింది. ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలంలో ఇప్పటికీ మేము ఐదుచోట్ల ఖాళీ మేకు ముందు మోకరించి ప్రార్థన చెప్పుకుంటాం. మందసం మాత్రం ఎక్కడా దొరకలేదు. దాని బదులు రొట్టెల డబ్బాకు తెల్లబట్ట కప్పి వాడుకున్నాం.

తొంభై రెండులో పోలండ్‌నుంచి ఫాదర్ తదేయుష్ వచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, చెవులు ఎర్రగా కందిపోయి ఉండేవి. బిషప్పుగారు గుడిని ఆశీర్వదించడానికి వస్తున్నారు, గుడి చరిత్ర, సామాను వివరం ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన పెడదామని అమ్మను అడిగారు. అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఒక్క మాట కూడా వెతుక్కోలేదు.

“బలిపీఠం. చేసినవాడు అంతోని. పైచెక్క మన మొదటి ఇంటి తలుపు. ముప్పై ఏళ్లు పాల డబ్బాల కింద ఉంది. మచ్చలు తీయకూడదు. గంట. ముప్పై ఏళ్లు షెడ్డులో ఉంది. బల్లలు ఆరు, దొరికినవి నాలుగు. సిలువ మార్గం పటాలు పద్నాలుగు, దొరికినవి తొమ్మిది. సత్ప్రసాద మందసం. అది ఎక్కడుందో వికెంతికి తెలుసు. మరియాన్నా, ఈ గుడిని నిలబెట్టినది. ఎక్కడ పూడ్చారో తెలియదు. ఈ సామాను జాబితా రాసి, చదివి, బండికెక్కించినవాడు వికెంతి. మరియాన్నా చేతి రొట్టె తిని పెరిగినవాడు.”

నేను రాశాను. నా చెయ్యి చక్కగా నడిచింది.

ఫాదర్ రెండుసార్లు చదివారు. తర్వాత, వస్తువుల సంగతి బాగుందమ్మా, ఈ పేరు తప్పదా అని అడిగారు. ముసలాయన బతికే ఉన్నాడు, మనవలున్నారు అన్నారు.

“విశ్వాస సంగ్రహంలో ప్రతి ఆదివారం, ప్రభువును సిలువ వేయించిన పిలాతు పేరు మాచేత చెప్పిస్తారు కదా ఫాదర్,” అంది అమ్మ. “ఆయన మనవలు బాధపడతారని ఎవరైనా తీసేశారా?”

కాగితం గోడకెక్కింది. బిషప్పుగారు దాన్ని చదివి సిలువ గుర్తు వేసుకున్నారు.

వికెంతి ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఇంకెక్కడా చోటు లేనట్టు చివరి బల్లమీద, సరిగ్గా ఆ కాగితం కింద కూర్చునేవాడు. పాడేవాడు కాదు, పెదవులు మాత్రం ఆడేవి. అతను పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాడనీ, దేవుడు క్షమించాడనీ ఫాదర్ ఒకసారి అమ్మకు నచ్చజెప్పబోయారు. “దేవుడు ఆ పని చేసేముందు మా అమ్మను ఒక మాట అడిగాడేమో కనుక్కోండి,” అంది అమ్మ. చెప్పి దీపం వత్తి కత్తిరించుకుంటూ కూర్చుంది.

తొంభై ఆరు ఫిబ్రవరిలో రెజీనా మా ఇంటికి వచ్చింది. వ్యవసాయ క్షేత్రం మూతపడింది, రెజీనా భర్తకు పని లేదు, ఇద్దరు పిల్లలు. పోలండ్ వెళ్లిపోదామనుకుంటున్నారు. పోలిష్ వాళ్లేనని రుజువు కావాలి. సోవియట్ కాగితాల్లో ఏదీ సరిగా లేదు. రుజువు ఒక్కచోటే ఉంది. యాభై ఏడులో అమ్మమ్మ తన చేత్తో నోటుబుక్కులో రాసిన వరుస: రెజీనా, తండ్రి వికెంతి. ఫాదర్ దాని నకలు తీసి ముద్ర వేస్తే చాలు. కాని నోటుబుక్కు అమ్మ దగ్గరుంది. ఆమె దాన్ని ఫాదర్ చేతికి కూడా ఇచ్చేది కాదు. తనే తెరిచి పట్టుకుని చూపించేది.

రెజీనా కోటు విప్పకుండానే కూర్చుంది.

“అత్తా, అప్పటికి నాకు నాలుగేళ్లు. నేనేం చేశాను నీకు?”

“నువ్వేం చెయ్యలేదమ్మా. నీ పేజీ నీకిస్తా,” అంది అమ్మ. “మీ నాన్న వచ్చి గుడిలో ఆ కాగితం పైకి చదవాలి. మొదటినుంచి చివరిదాకా, అందరికీ వినబడేట్టు. ఆ రోజు ఎలా చదివాడో అలాగ.”

“ఆయనకు అరవై ఐదేళ్లు. గుండె బాగోలేదు.”

“మా అమ్మకు యాభై ఎనిమిది.”

రెజీనా లేచి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. చేతిలో దుప్పటిలో చుట్టిన పెట్టె. విప్పితే, డబ్బారేకు సూర్యుడు. ముప్పై ఐదేళ్ల తర్వాత చూశాను దాన్ని. అది వాళ్లింట్లో కుట్టుసామాను పెట్టెట, చిన్నప్పటినుంచీ. అదేమిటో తనకు నిన్నటిదాకా తెలియదని రెజీనా అంది. నేను నమ్మాను. అమ్మ చిన్న తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది. మూలలో ఇరుక్కున్న నీలం గుండీ ఒకటి బయటికొచ్చింది. దాన్ని రెజీనా అరచేతిలో పెట్టి, ఇది నీది, ఇది మాది అని మందసాన్ని తన పక్కకు జరుపుకుంది.

“ఇప్పుడైనా ఇస్తావా అత్తా?”

“దొంగసొత్తు తిరిగిచ్చినందుకు బహుమానమా? ఆదివారం రమ్మను.”

నాకు రెజీనా మొహం చూడబుద్ధి కాలేదు. ఆమె వెళ్లాక, ఇది చాలమ్మా, పిల్ల కాళ్లావేళ్లా పడుతోంది కదా అన్నాను. అమ్మ పొయ్యి దగ్గరకు వెళ్లింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి మందసం తుడవసాగింది.

వికెంతి ఆ ఆదివారం రాలేదు, తర్వాతి ఆదివారం రాలేదు. వారాల తరబడి సాగింది. మార్చి ఆఖరు వచ్చింది, ఈస్టరు ముందటి మట్టలాదివారం. మాకు మట్టలు లేవు కాబట్టి అందరి చేతుల్లోనూ విల్లో కొమ్మలు. బయట మోకాలి లోతు బురద, గుమ్మం దగ్గర బూట్ల గుట్ట. పూజ అయ్యాక ఫాదర్ ఆశీర్వాదం ఇచ్చి తిరిగేలోపు చివరి బల్లమీంచి వికెంతి లేచాడు. వెనక్కి తిరిగి కాగితంవైపు నిలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

“బలిపీఠం,” అన్నాడు. “చేసినవాడు అంతోని.”

మొదటి రెండు వరుసలూ నెమ్మదిగా చదివాడు. తర్వాత పాత గొంతు వచ్చింది. ఎంత వద్దనుకున్నా అది పాడేవాడి గొంతు, మాటను ఎక్కడ ఆపాలో ఎక్కడ లాగాలో దానికి తెలుసు. అమ్మ ముందుబల్లమీద వెనక్కి తిరగకుండా కూర్చుని ఉంది. ఆమె చేతిలోని విల్లో కొమ్మ నిటారుగా ఉంది. మందసం ఎక్కడుందో వికెంతికి తెలుసు అన్నచోట అతను తన పేరు తనే చదువుకున్నాడు. ఎక్కడ పూడ్చారో తెలియదు అన్నచోట ఆగాడు, మళ్లీ చదివాడు. చివరి వరుస రొట్టె దగ్గర ముగించి, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని ముందువైపు తిరిగాడు.

“చదివాను పోల్యా. కాని ఇందులో ఒక పేరు తక్కువుంది. ఆ సాక్ష్యం కాగితం మీద సంతకాలు రెండు.”

ఫాదర్ చెయ్యి ఎత్తారు. అమ్మ ఆయన్ను ఆపింది.

“చెప్పనివ్వండి ఫాదర్. మొదలుపెట్టాడు కదా.”

“లూద్విక్,” అన్నాడు వికెంతి. “నీ మొగుడు. నా సంతకం కింద అతనిది. నా ఒక్కడి పేరే గోడకెక్కించావు.”

గుడిలో నలభై మంది ఉన్నారు. నలభై మందీ నావైపు చూశారు. నాన్న అలా చేసి ఉండడని అరవాలనుకున్నాను. కాని ఆ పదకొండేళ్లు, నేను అటూ ఇటూ మోసిన మాటలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది. వికెంతి వైపు పూర్తిగా తిరిగి, అరవై ఒకటి తర్వాత మొదటిసారి అతనితో మాట్లాడింది.

“నిజమే. తక్కువుంది. రాయిస్తాను.”

ఇంటికెళ్లాక అమ్మ బంగాళాదుంప కూరిన పియెరోగీలు వేడిచేసుకుని రెండు కంచాలు తిన్నది. అంత తృప్తిగా తినడం నేను ఎప్పుడూ చూడలేదు. తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చెప్పింది. డెబ్బైలో గ్రామ ఆఫీసు గుమస్తా చనిపోయేముందు ఆమెను పిలిచి, సంతకాలు రెండని చెప్పాడట. ఇంటికొచ్చి నాన్నను ఒక్కటే అడిగింది, పెట్టావా అని. పెట్టాను, అన్నాడట. పెట్టకపోతే తల్లితోపాటు కూతుర్నీ తీసుకుపోతామన్నారట.

“నిన్ను కాపాడాలని పెట్టాడు,” అన్నాను. “భయంతో పెట్టాడు. వికెంతిలా అకార్డియన్ కోసం కాదు.”

“తెలుసు. నాకోసం మా అమ్మను ఇచ్చేశాడు. నన్నడిగి చేశాడా ఆ బేరం?” ఆమె గొంతు పెంచలేదు. “కలం తీసుకో.”

నేను రాయనన్నాను. మా నాన్న పేరు నా చేత్తో రాయనన్నాను. అమ్మ నన్ను తేరిపార చూసింది.

“వికెంతి పేరు రాసినప్పుడు నీ చెయ్యి వణకలేదే. రెజీనాకు నాన్న కాడా అతను?”

సోమవారం చట్రం విప్పి ఆ వరుస కలిపాను. సాక్ష్యం మీద రెండో సంతకం లూద్విక్‌ది, ఈ కాగితం చెప్పినామె భర్త, రాసినామె తండ్రి. ఆ చివరి రెండు మాటలూ అమ్మ చెప్పలేదు, నేనే పెట్టాను. ఆమె చదివి తల ఊపింది. అదే రోజు నోటుబుక్కు తీసుకుని ఫాదర్ దగ్గరకు నడిచింది, రెజీనా పేజీ తెరిచి పట్టుకుని నకలు అయ్యేదాకా నిలబడింది.

జూన్‌లో వాళ్లు వెళ్లిపోయారు, వికెంతి కూడా. రెజీనా కాగితం తీసుకున్నప్పుడు నాకు కృతజ్ఞత చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. బయలుదేరే పొద్దున వికెంతి ఒక్కడే గుడికి వచ్చాడు. అమ్మ గుమ్మం కడుగుతోంది. లోపలికి వెళ్లి ఒక్క పాట పాడుకుని పోతానని అడిగాడట. అమ్మ తాళం తీయలేదు. అక్కడ నీ గొంతు ఒకసారి చాలు, అందట. అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో జాలి ఉందేమోనని వెతికాను. ఉన్నది సంతోషమే. దాచుకోను కూడా దాచుకోలేదు.

తొంభై ఎనిమిదిలో రెజీనా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తండ్రి పోయాడనీ, పద్దెనిమిదో అంకె ఊళ్లో తనకోసం ఒక పూజ చెప్పించమన్నాడనీ రాసింది. అమ్మ ఉత్తరాన్ని ఫాదర్‌కు ఇచ్చింది. గుడి తెరిచింది, కొవ్వొత్తులు వెలిగించింది, గంట కొట్టింది. పూజ మొదలవగానే బయటికి వచ్చి, ఎండలో గడపమీద కూర్చుని, పాత దీపాల మైనం చాకుతో గీకుతూ అయ్యేదాకా ఉంది.

రెండువేల పన్నెండు మార్చిలో అమ్మ పడకేసింది. ఎనభై ఒకటో ఏడు. అప్పటికి ఫాదర్ తదేయుష్ వెళ్లిపోయి కొత్త ఫాదర్ వచ్చారు. చనిపోయేవాళ్లకు తైలం పూసే అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి వచ్చి, అందర్నీ క్షమించావా అమ్మా అని అడిగారు. అమ్మ కొంచెం ఆలోచించింది.

“ఆ ఇద్దర్నీ దేవుడికి అప్పజెప్పాను ఫాదర్. ఏం చేశాడో చూద్దామనే వెళ్తున్నా.”

ఆయన నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. ఆయన తైలం సీసా మూత తీశారు.

నాన్న పక్కన పూడ్చొద్దని ముందే చెప్పింది. శ్మశానంలో రెండో చివర అమ్మమ్మ పేరుతో కింద ఎవరూ లేని సిలువ ఒకటి నాటించి ఉంచింది. దాని పక్కనే పెట్టాం. తాళంచెవి ఇప్పుడు నా దగ్గరుంది. దక్షిణపు ఎండ పడి కాగితం మీద సిరా వెలిసిపోతోంది. ఇప్పటికి రెండుసార్లు తిరగరాశాను. కొత్త ఫాదర్ రెండుసార్లూ, ఆఖరి రెండు వరుసలు వదిలేద్దామా యానీనా అని మెల్లగా అడిగారు. వదలలేదు.